బావగారి వ్యాన్ పుస్తకంలో నేను చదవని పేజీ

నిన్న పొద్దున్న స్కూల్లో ప్రేయర్ అవుతుండగా అక్క ఫోన్ చేసింది.

"మీ బావగారు పలకట్లేదే సునీతా."

అంతే అంది. నేను వెళ్ళేసరికే అయిపోయింది. టీ తాగి వరండాలో కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే వెళ్ళిపోయేరు.

మా రత్నరాజు బావగారు. మా సుగుణక్క భర్త.

సాయంత్రం సమాధి కూడా చేసి వచ్చేం. నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు.

పొద్దుట్నించి మన గ్రూపులో అందరూ ఆయన గురించి మంచి మాటలు పెడుతున్నారు. నేను మాత్రం ఒక నిజం చెప్పాలి. దయచేసి చివరిదాకా చదవండి.

మస్కట్‌లో పదహారేళ్ళు డ్రైవర్‌గా చేసి రాజోలు తిరిగొచ్చేక ఆయన కొనుక్కున్నది ఆ తెల్ల వ్యాన్. సెకండ్ హ్యాండ్‌ది. బండితోపాటు పాత ఓనర్ ఒక లావుపాటి రిపేర్ మాన్యువల్ కూడా ఇచ్చేడు.

మొత్తం ఇంగ్లీషే.

బావగారు ఏడో క్లాసుతో ఆపేసేరు. అరబ్బీ గడగడా మాట్లాడేవారు గానీ ఇంగ్లీషు చదవడం రాదు. నేనేమో ఇంగ్లీష్ టీచర్ని.

అందుకని శనివారం మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చేవారు. చేతిలో ఆ మాన్యువల్, ఒక లాంగ్ నోట్‌బుక్. నేను చదివి తెలుగులో చెప్తే ఆయన రాసుకునేవారు. బోల్టు ఎక్కడుందో బొమ్మ వేసుకునేవారు. మర్నాడు చర్చి నుంచి రాగానే లుంగీ కట్టి వ్యాన్ కింద దూరేవారు.

ఆయిల్ మార్చడం, బ్రేకులు సరిచెయ్యడం, ప్లగ్గులు తీసి తుడవడం, అన్నీ అలా నేర్చుకున్నవే. మన ఫ్యామిలీలో ఆ వ్యాన్ ఎక్కనివాళ్ళు లేరు.

ఆరేళ్ళ కిందట వాళ్ళమ్మాయి బుజ్జి ఎంగేజ్‌మెంట్. మండపేటలో, పెళ్ళికొడుకు వాళ్ళింట్లో.

దానికి ముందు శనివారం ఆయన రేడియేటర్ పేజీలు తీసుకొచ్చేరు. దూరం వెళ్ళాలి కదా, పాత కూలెంట్ తీసేసి కొత్తది పోద్దామని.

నా ముందు ఆన్సర్ పేపర్ల కట్ట ఉంది. చిరాగ్గా ఉన్నాను. ఎలా ఖాళీ చెయ్యాలో, ఎలా నింపాలో గబగబా చెప్పేసేను.

ఆయన పేజీ తిప్పి, చుట్టూ గీత గీసి ఉన్న ఒక బాక్స్ మీద వేలు పెట్టేరు.

"ఇదేంటమ్మా? దీన్ని విడిగా రాసేరు."

నేను తలెత్తలేదు.

"మామూలు జాగ్రత్తలేనండీ బావగారూ. అన్ని పుస్తకాల్లోనూ ఉంటాయి."

"ఆయ్," అని నోట్‌బుక్ మూసేసేరు.

ఎంగేజ్‌మెంట్ రోజు కొత్తపేట దాటకుండానే సీటు కింద నుంచి పొగలు. పట్టుచీరల్తో అందరం ఎండలో రోడ్డు మీద నిలబడ్డాం. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మెకానిక్ వచ్చి చూసేడు. "గాలి తియ్యకుండా కూలెంట్ పోసేరండీ. లోపల గాలి ఉండిపోయి ఇంజిన్ వేడెక్కిపోయింది. గ్యాస్కెట్ పోయింది."

అందరూ బావగారి చుట్టూ ఉన్నారు. ఎవరూ చూడకుండా వ్యాన్‌లో ఉన్న మాన్యువల్ తీసి ఆ పేజీ చూసేను.

ఆ బాక్స్‌లో రాసింది అదే. గాలి పూర్తిగా తియ్యకుండా బండి నడపొద్దని.

పుస్తకం మూసి సీటు మీద పెట్టేసేను.

అక్క ఆయన్ని అందరి ముందూ తిట్టింది. పుస్తకం చూసి రిపేర్లేంటని, పుస్తకం మెకానిక్ అని ఎవరో నవ్వేరు. అప్పుడు నేనన్న మాట నాకు ఇవాళ్టికీ గుర్తుంది.

"నేను చెప్పిందొకటి, ఆయన చేసిందొకటి."

ఆయన విన్నారు. నా వైపు చూడలేదు.

"నేనే సరిగ్గా రాసుకోలేదండీ," అన్నారు అందరితో.

ఆటోలు పట్టుకుని రెండు గంటలు లేటుగా చేరేం. పెళ్ళికొడుకు పెదనాన్నగారు నవ్వుతూనే, "వ్యాన్‌కి చేసినట్టే పెళ్ళికీ ఏర్పాట్లు చేస్తారాండీ?" అన్నారు. కూతురి మావగారింట్లో, అంతమంది మధ్య, బావగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నేను ప్లేట్‌లో స్వీటు తింటూ కూర్చున్నాను.

ఆ తర్వాత శనివారాలు ఆయన రావడం మానేసేరు. నిజం చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది.

మా ఆయనకి డయాలసిస్ మొదలయ్యేక వారానికి రెండుసార్లు అమలాపురం తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? అదే వ్యాన్‌లో, బావగారే. ఎనిమిది నెలలు. ఒక్కసారీ విసుక్కోలేదు.

ఒకరోజు హాస్పిటల్ బయట ఉండబట్టలేక అనేసేను. "బావగారండీ, ఆ రోజు ఆ పేజీ..."

"తెలుసమ్మా," అన్నారు. "ఆ వారంలోనే మీ స్కూలు సైన్స్ మాస్టారి చేత చదివించుకున్నాను."

"మరి అక్కకి చెప్పలేదేంటండీ?"

"నేను చెప్తే నువ్వు తలెత్తుకోలేవు. చెప్పాలనిపిస్తే నువ్వే చెబుదువుగాని."

అది జరిగి ఏడాదిన్నర. నేను చెప్పలేదు. రేపు చెబుదాం, క్రిస్మస్‌కి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

నిన్న సమాధి దగ్గర నుంచి వస్తుంటే ఎవరో ప్రేమగానే అన్నారు, "పుస్తకం మెకానిక్ వెళ్ళిపోయేడు" అని. ఏడుస్తూనే అందరం నవ్వేం.

నేనూ నవ్వేను. ఆయన్ని మట్టిలో పెట్టి గంట కూడా కాలేదు.

ఇవాళ పొద్దున్న అక్క కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేను. అక్క "ఆయన్ని తిట్టిన దాన్ని నేను కదే," అని ఏడ్చింది.

నన్ను ఒక్క మాట అనలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "వాళ్ళందరి ముందూ అన్నావుగా. వాళ్ళందరికీ చెప్పు," అంది.

అందుకే ఈ పోస్ట్. ఆ రోజు రోడ్డు మీద నిలబడ్డవాళ్ళందరికీ, మండపేట వాళ్ళకీ చెప్తున్నాను. బావగారు ఏ తప్పూ చెయ్యలేదు. ఆయన అడిగేరు. నేను చదవలేదు. పైగా అబద్ధం చెప్పేను.

బావగారండీ, మీరుండగా చెప్పలేకపోయేను. క్షమించండి.

ప్రభువు దగ్గర హాయిగా ఉండండి. మీ ఆత్మకి శాంతి కలగాలి.