లేటెస్టు అంటించిన స్టిక్కర్లు

లిఫ్టుల కంపెనీలో అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను లేటెస్టే. కొత్త రకం లిఫ్టు ఏదైనా బజారులోకి వస్తే, అది ఒక్క మనిషిని మోయకముందే దాని మీద కోర్సు చేసి వచ్చేవాడు. ఆ లిఫ్టు పాతబడకముందే కోర్సు మరిచిపోయేవాడు. మరిచిపోతే మాత్రం ఏం కొంప మునిగింది? ఈలోగా ఇంకో లిఫ్టు వచ్చేది, దాని వెనకాలే ఇంకో కోర్సు వచ్చేది.

కోర్సు ముగిసినప్పుడల్లా కంపెనీ స్టిక్కర్లు ఇచ్చేది. ఒక్కొక్కటి అరచేతంత. మధ్యలో మెకానిక్కు ఫొటో, కింద 'సర్టిఫైడ్ నిపుణుడు' అన్న మాట, చుట్టూ బంగారు రంగు అంచు. ఆ మెకానిక్కు చూసుకునే ప్రతి లిఫ్టు ప్యానెల్‌కీ, తలుపు లోపలివైపు ఒకటి అంటించాలని మేనేజరు ఆజ్ఞ. ప్యానెల్ అంటే మేడ పైన మెషిన్ గదిలో గోడకు బిగించిన ఇనప బీరువా. లిఫ్టు బుర్రంతా అందులోనే ఉంటుంది. ఆ గదిలోకి పావురాలు తప్ప ఎవరూ రారు. అయినా లేటెస్టు ఒక్క స్టిక్కరూ వదలకుండా, గాలిబుడగ లేకుండా, మెత్తటి గుడ్డతో ఒత్తి మరీ అంటించేవాడు. ఆ పనిలో అతనికి వంక పెట్టగలిగినవాడు పుట్టలేదు.

అతను అద్దెకున్న మేడ లిఫ్టు కూడా అతని చేతిలోదే. రెండో అంతస్తులో అతనూ భార్యా ఉంటారు. చిట్టచివరి ఐదో అంతస్తులో అత్తగారు. వీధివైపు కింద గదిలో అత్తగారి కుట్టు దుకాణం. ఆవిడకు మోకాళ్లు అరిగిపోయాయిగానీ నాలుక పదును తగ్గలేదు. లిఫ్టు ఉంది కదా, పైగా అల్లుడు లిఫ్టుల్లో నిపుణుడు కదా అన్న ధైర్యంతోనే ఆవిడ అంత ఎత్తున ఇల్లు తీసుకున్నారు.

ఆ ధైర్యం మీద దెబ్బ పడింది. లిఫ్టు మొదట్లో అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఉలిక్కిపడినట్టు ఆగి, మళ్లీ కదిలేది. లేటెస్టు లాప్‌టాప్ తగిలించి చూస్తే, 'తలుపు సరిగా మూసుకోలేదు' అని వచ్చింది. ఏ తలుపో అది చెప్పలేదు. కింద ఇంకో వాక్యం మాత్రం చెప్పింది: 'మీ దగ్గరలోని నిపుణుణ్ణి సంప్రదించండి.' దగ్గరలోని నిపుణుడు తనే. కాబట్టి తనను తాను సంప్రదించుకుని, ఒక బోర్డు మార్చాడు. తగ్గలేదు. ఇంకోటి మార్చాడు. తలుపుల కాంటాక్టుల జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే ప్రతి అంతస్తులోనూ తలుపు మూసుకుందో లేదో కనిపెట్టే ఆ చిన్న పెట్టెలు సరికొత్తవి. ఈ మధ్యనే పాతవి పీకేసి ఒక్క పూటలో అన్నీ తనే బిగించాడు. ఆ వేగానికి కంపెనీ వాట్సాప్ గ్రూపులో మేనేజరు చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాడు.

చివరికి లిఫ్టు మొండికేసి పూర్తిగా ఆగిపోయింది.

అత్తగారు పైన చిక్కుకుపోయారు, కింద దుకాణానికి తాళం పడింది. కుట్టాల్సిన బట్టలు పైకీ కుట్టినవి కిందికీ మోసే పని కూతురి నెత్తిన పడింది.

"ఏవండీ, ఈ లిఫ్టు బాగవుతుందా, లేకపోతే నన్నే లిఫ్టుగా ఖాయం చేసేస్తారా?" అంది భార్య ఆయాసపడుతూ.

మోసే బట్టలన్నా ఎంతకాలం వస్తాయి? కొలతలివ్వడానికి ఐదంతస్తులు ఎక్కే ఓపిక ఎవరికుంది? వీధికి అవతలివైపు ఇంకో కుట్టు దుకాణం వెలిసింది. అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని, బొత్తాలు కుడుతూ, తన ఖాతాదారులు ఒక్కొక్కరే ఎదురు దుకాణం మెట్లెక్కడం పైనుంచి చూసేవారు.

"అల్లుడు గారూ, అదిగో, ఆ నీలం చీరావిడ నా దగ్గర ఎన్నేళ్లనుంచి కుట్టించుకుందో తెలుసా? ఇవాళ మొహం తిప్పుకుని అటు పోయింది."

"రేపటికి అయిపోతుంది అత్తయ్యా. కొత్త ప్రోగ్రామ్ ఎక్కిస్తున్నాను."

"ప్రోగ్రామ్ ఎక్కుతుందిగానీ నేను ఎక్కడం దిగడం ఎప్పుడు?"

మర్నాడు ఉదయం లేటెస్టు ప్రోగ్రామ్ ఎక్కించడానికి కూర్చుంటే లాప్‌టాప్ తెరుచుకోలేదు. లైసెన్సు గడువు తీరిందట. మేనేజరుకు ఫోన్ చేశాడు.

"ఓ, అదా!" అన్నాడు మేనేజరు హుషారుగా. "ఆ వెర్షన్ తీసేశారయ్యా. కొత్తదానికి కొత్త కోర్సు చెయ్యాలి. వచ్చే నెల మొదలవుతుంది. నీ పేరు మొట్టమొదట రాశాను."

"ఈలోగా లిఫ్టు సంగతి ఏంటి సార్?"

"నువ్వున్నావుగా!"

లేటెస్టు ఫోన్ జేబులో పెట్టుకుని ప్యానెల్ ముందు నిలబడ్డాడు. లాప్‌టాప్ లేకుండా దాని మొహం చూడడం అదే మొదలు. లోపల తీగలు గుబురుగా అల్లుకుని ఉన్నాయి. ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో తెలియలేదు. తెలుసుకోవాలంటే తీగల బొమ్మ ఉండాలి. ప్రతి ప్యానెల్‌కీ ఆ బొమ్మను తలుపు లోపలివైపు అంటించి పంపుతారని ఎప్పుడో విన్నట్టు గుర్తు.

తలుపు లోపలివైపు చూశాడు. వరసలు వరసలుగా తన మొహాలే నవ్వుతున్నాయి.

గోటితో ఒక మూల లేపాడు. రాలేదు. అంత శ్రద్ధగా అంటించినవి ఊరికే వస్తాయా? మెట్లు దిగి భార్యనడిగి వేడినీళ్లు తెచ్చాడు. గుడ్డ తడిపి, ఒత్తి, అంచు లేపి, ఒక్కొక్క మొహాన్నీ ఒలవడం మొదలుపెట్టాడు. టై కట్టుకున్న మొహం పోయింది. దాని కింద కోరమీసాల మొహం పోయింది. దాని కింద మీసమే సరిగా రాని మొహం, తొలి కోర్సు నాటిది, తెగ నవ్వుతోంది. అది కాస్త ఆలస్యంగా ఊడింది. ఊడుతూ ఊడుతూ కింది కాగితాన్ని కొంత చింపుకుని మరీ పోయింది.

బొమ్మ బయటపడింది. గీతలు, గళ్లు, అంకెలు. ఇలాంటివి చదవడం అతను నేర్చుకోకపోలేదు. పని నేర్చుకునే రోజుల్లో ట్రైనింగ్ స్కూల్లో ఒక మేడమ్ ఇవే బోర్డు నిండా గీయించేవారు. "కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎక్కడికి పోవాలి? మధ్యలో ఎవరు ఆపారు?" అని ప్రాణం తీసేవారు. చివర్లో ప్రతి తీగనూ చూపించి, "లాగి చూశావా?" అనేవారు. ఆ పాఠం పూర్తికాకముందే అతను మొదటి కోర్సుకు పారిపోయాడు. అక్కడ గీయక్కర్లేదు. బటన్ నొక్కితే చాలు.

బొమ్మను పెన్సిలుతో కాగితం మీదికి దించుకున్నాడు. చిరిగిన చోట గీత ఎటు పోతుందో తేలక, ప్యానెల్‌లో ఆ తీగను వేలితో తడుముకుంటూ పోయి చూసుకున్నాడు. ఆ పనికే పూట గడిచింది. కాగితం పట్టుకుని ఐదో అంతస్తులోకి దిగేసరికి అత్తగారు కుర్చీలో సిద్ధంగా ఉన్నారు.

"ఏం తేల్చారు?"

"డోర్ ఇంటర్‌లాక్ సేఫ్టీ సర్క్యూట్ ఓపెన్ అయింది అత్తయ్యా."

"నాతో మాట్లాడుతున్నారా, లిఫ్టుతోనా? మనుషులకు అర్థమయ్యేలా చెప్పండి."

ఆ మాటల్లోంచి పొడుగాటివన్నీ తీసేస్తే తన దగ్గర ఇంకేం మిగులుతుందో లేటెస్టుకే తెలియలేదు. కాగితం వంక చూస్తూ మెల్లగా మొదలుపెట్టాడు.

"పైనుంచి ఒకే తీగ బయల్దేరుతుంది. ముందు మీ అంతస్తు తలుపు దగ్గరికొస్తుంది. ఈ తలుపు మూసుంటే దాటి నాలుగుకు పోతుంది. అక్కడా మూసుంటే మూడుకు. అలా కింద దాకా పోయి తిరిగి పైకెళ్తుంది. అన్ని తలుపులూ మూసున్నాయని తేలితేనే లిఫ్టు కదులుతుంది. ఎక్కడో ఒకచోట దారి తెగింది."

చెప్పడం అయ్యాక అతనికే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లూ తను చూస్తూ వచ్చింది ఇదా!

"మరి ఎక్కడ తెగిందో చూడండి, నన్ను చూస్తారేం?"

కరెంటు కొలిచే మీటరు అతని సంచిలో ఉండేది, ఎక్కువగా ఫొటోల్లో చేత పట్టుకోవడం కోసం. మూడో అంతస్తుకు పోయి తలుపు తెరిచి మీటరు పెట్టి చూశాడు. సున్నా. నాలుగులో సున్నా. ఐదులో సున్నా. తీగ మొదట అడుగుపెట్టే చోటే సున్నా అయితే ఇక తేల్చడానికేముంది?

"మేడ మొత్తానికే కరెంటు రావట్లేదు అత్తయ్యా."

అత్తగారు తల పైకెత్తి వరండా దీపాన్ని చూశారు. అది దివ్యంగా వెలుగుతోంది. "మరి అదేం మింగి వెలుగుతోంది అల్లుడు గారూ?"

లేటెస్టు మీటరుకున్న రెండు సూది కాళ్లకేసి చూశాడు. ఒక కాలు కాంటాక్టు రేకు మీద పెట్టి, రెండో కాలు తలుపు చట్రానికి ఆనించాడు, చట్రం నిండా మందంగా రంగు వేసుంది. రంగు మీద పెడితే మీటరు ఏం చెబుతుంది పాపం? ఇది మేడమ్ చెప్పిన మొదటి వారం పాఠం. రంగు గీకి, మెరిసే ఇనుము తేలాక మళ్లీ మొదలుపెట్టాడు. పైనున్న తలుపులు రెండూ మూసి, ముందు మధ్యలో ఉన్న మూడో అంతస్తుకు పోయాడు. అక్కడికి కరెంటు రాలేదు. అంటే గొడవ పైనే. నాలుగులో చూశాడు. అక్కడికీ రాలేదు. మళ్లీ పైకెక్కి ఐదులో చూశాడు. వచ్చింది. అంటే ఇక్కడిదాకా వచ్చిన కరెంటు కిందికి దిగడంలేదు.

అత్తగారి కుర్చీకి సరిగ్గా ఎదురుగా.

మెషిన్ గదికెళ్లి మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి వచ్చి, కాంటాక్టు పెట్టె మూత విప్పాడు. అంతా కొత్తగా తళతళలాడుతోంది. తీగలు తమ తమ మరల కింద బుద్ధిగా ఉన్నాయి. తప్పేమీ కనబడలేదు. అప్పుడు చెవిలో ఎవరో అన్నట్టయింది: లాగి చూశావా?

ఒకదాన్ని లాగాడు. గట్టిగా ఉంది. రెండోదాన్ని లాగాడు. చేతికొచ్చేసింది.

తీగ మీది ప్లాస్టిక్ తొడుగు సరిపడా ఒలవలేదు. మర రాగిని కాక తొడుగునే కరుచుకుంది. ఇన్నాళ్లూ ఒక రాగి పోగు పక్కనుంచి తాకీ తాకనట్టు తాకుతూ వచ్చి, లిఫ్టు అదిరినప్పుడల్లా తప్పుకుంది. చివరికి పూర్తిగా తప్పుకుంది. బిగించింది ఎవరని అడగక్కర్లేదు. చప్పట్ల బొమ్మలు ఎవరికి వచ్చాయో వాడే.

"ఏంటి, ఏమైంది?" అన్నారు అత్తగారు.

'కంపెనీ సరుకు నాసిరకం' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ అప్పుడే ఒక బొత్తం కుట్టి, దారం తెంపి, అలవాటుగా బొత్తాన్ని ఒకసారి గుంజి చూసి పక్కన పెట్టారు. ఆ చెయ్యి చూశాక ఆ మాట వెనక్కి పోయింది.

"నేను బిగించినదే అత్తయ్యా. లాగి చూడలేదు."

అత్తగారు ఇంకో బొత్తం అందుకుని, సూదిలో దారం ఎక్కించుకున్నారు.

లేటెస్టు తొడుగు సరిగా ఒలిచి, బిగించి, లాగి చూశాడు. మెయిన్ వేశాడు. రెండో అంతస్తులో నిద్రపోతున్న లిఫ్టు గుర్రుమని లేచి పైకొచ్చింది. అత్తగారు వెంటనే ఎక్కలేదు. "ముందు మీరు తిరగండి," అన్నారు. అల్లుడు పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి, కత్తెర సంచిలో వేసుకుని, తాళంచెవి కొంగుకు ముడేసుకునేదాకా తిరిగాడు. తర్వాత ఇద్దరూ కలిసి దిగారు.

దుకాణం తలుపు తీసిన చప్పుడుకు ఎదురు మెట్ల మీద నీలం చీరావిడ తల తిప్పి చూసింది. ఇటు వస్తుందా లేదా అన్నది మాత్రం ఆరోజు తేలలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు భోజనానికి పైకి పోదామని బటన్ నొక్కితే లిఫ్టు ఉలకలేదు, పలకలేదు. ఆవిడ మెట్ల దగ్గరికొచ్చి గొంతెత్తారు.

"అల్లుడు గారూ! మళ్లీ ఆగిందండీ!"

"నేనే ఆపాను అత్తయ్యా!" మూడో అంతస్తునుంచి జవాబొచ్చింది. "బిగించినవన్నీ ఒక్కొక్కటీ లాగి చూస్తున్నాను. ఇంకోటి కూడా చేతికొచ్చింది!"

"అయితే ఈసారి ఎందుకు ఆగిందో మీకు తెలుసన్నమాట?"

"తెలుసు!"

అత్తగారు కాసేపు మెట్ల వంక, మోకాళ్ల వంక చూసుకున్నారు.

"సరే, ఆగనివ్వండి," అని వెనక్కి వెళ్లి మిషను ముందు కూర్చున్నారు.