ఆవిరత్తయ్య, రెండు కెంపుల కొమ్మలు

మెరిసేది ఏది కనబడినా దాని మీద "హా" అని ఊదకుండా ఉండలేకపోవడం ఒక్కటే ఆమెకున్న జబ్బు. మిగతా అన్ని విధాలా ఆరోగ్యవంతురాలు. ఆ జబ్బు పుణ్యమా అని వీధి వీధంతా ఆమెను ఆవిరత్తయ్య అనేవారు. అసలు పేరు పోస్టుమాన్‌కు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన కూడా ఒక్కోసారి తడబడేవాడు.

ఆమెది బట్టలకు గుచ్చుకునే పాతకాలపు బ్రోచ్‌లూ, అంచులు చెక్కిన కట్ గ్లాసు సామానూ అమ్మే దుకాణం. అమ్మే దుకాణం అనడం మర్యాద కోసమే. కొన్నది ఏదీ వదలబుద్ధి కాక, ఎవరైనా బేరానికి వస్తే "దాని జోలికి పోకండి, పిన్ను వదులుగా ఉంది, గుచ్చుకుంటుంది" అని భయపెట్టి పంపేసేది.

రాయి అసలుదైతే దాని మీద ఊదిన ఆవిరి చటుక్కున విడిపోతుంది. గాజుదైతే కాసేపు పట్టుకు వేలాడుతుంది. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పరీక్షే అది. కాకపోతే మిగతావాళ్లు తమ దుకాణంలో, ఎవరైనా అడిగితే చేస్తారు. ఆవిరత్తయ్య ఎక్కడ పడితే అక్కడ, ఎవరూ అడక్కుండానే చేసేది. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురి భుజం మీది పిన్ను మీద ఊదేది. బ్యాంకుకు వెళ్తే కిటికీలో తల దూర్చి గుమాస్తా కోటు మీద ఊదేది. ఊదిన ప్రతిసారీ ఆమె తీర్పు ఒక్కటే.

"అసలుదే."

ఒకసారి పంటినొప్పితో వెళ్తే డాక్టరు ఆమె మీదికి వంగి "నోరు తెరవండమ్మా" అన్నాడు. తెరిచింది. తెరిచిన నోటికి జానెడు దూరంలో ఆయన టై పిన్ను తళుక్కుమంది.

"హా."

"నొప్పిగా ఉందా?"

"లేదు నాయనా. అసలుదే."

అది ఆయన భార్య కొనిచ్చిన పిన్నట. ఎప్పటినుంచో ఆయన మనసులో ఏదో అనుమానం ఉన్నట్టుంది. ఆ పూటంతా ఈల వేసుకుంటూ పళ్లు పీకాడు.

ఇదంతా పక్కన నిలబడి చూసి సిగ్గుతో చితికిపోయేది ఆమె మేనకోడలు. రాళ్ల పరీక్ష చదువుకుని, పట్టా పుచ్చుకుని, అత్తకు చేదోడుగా ఉందామని దుకాణానికి వచ్చిన పిల్ల. మెడలో ఎప్పుడూ చిన్న భూతద్దం వేలాడుతూ ఉండేది. అబద్ధం ఆమె ఒంటికి పడదు. చెప్పబోతే చాలు, చెవులు రెండూ ఎర్రగా కందిపోయేవి.

"అత్తా, నిన్న కండక్టరు టోపీ మీదిది రేకు బిళ్ల. దాన్ని కూడా అసలుదే అన్నావు."

"అసలు రేకే కదే."

"మన దుకాణం మాటకు విలువ ఉండొద్దా?"

"ఉంది కదా. అతను టిక్కెట్టు ఇస్తూ ఎంత నిటారుగా నిలబడ్డాడో చూడలేదూ?"

మేనకోడలు తల కొట్టుకునేది. అత్తకు చూపు మందగించింది, ఆవిరి విడిపోయేదీ విడిపోనిదీ కంటికి ఆనడం లేదు, ఒప్పుకోవడానికి మొహమాటపడుతోంది, అంతే అని నిర్ధారణకు వచ్చేసింది.

మధ్యాహ్నాలు ఆ దుకాణం వేరే లోకంలా ఉండేది. ఎండ పడమటి కిటికీలోకి రాగానే అలమరల్లో ఉన్న కట్ గ్లాసు గిన్నెలూ, కూజాలూ, కాళ్ల గ్లాసులూ అన్నీ ఒక్కసారి నిద్ర లేచేవి. చెక్కిన ప్రతి అంచులోంచీ ఒక రంగు ముక్క జారి గోడ మీద పడేది. పచ్చవీ నీలివీ నారింజవీ, నీళ్లలో చేపల్లా ఒకదాన్నొకటి తాకకుండా గోడ మీద మెల్లగా ఈదుతూ పోయేవి. ఆవిరత్తయ్య కుర్చీలో వెనక్కి వాలి, ఒళ్లో ఏదో ఒక బ్రోచ్ పెట్టుకుని, దాని పూర్వజన్మ చెప్పడం మొదలుపెట్టేది. ఈ తూనీగను ఒకావిడ ఓడ మీద పెట్టుకుంది, గాలికి శాలువా ఎగిరిపోయినా తూనీగ మాత్రం ఆమెను వదల్లేదు అనేది. నీకెలా తెలుసు అంటే, "దీని మొహం చూడు, నీళ్లు చూసిన మొహం" అనేది. మేనకోడలికి నమ్మకం లేదు. అయినా వింటూ వింటూ చేతిలోని తుడుపు గుడ్డ మరిచిపోయేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకే ముక్కు, ఒకే నడక. అక్కచెల్లెళ్లని ఎవరైనా చెబుతారు. కానీ ఒకరు తలుపు పక్క కుర్చీలో కూర్చుంటే, ఇంకొకరు వెతికి వెతికి ఆ చివర స్టూలు మీద కూర్చున్నారు.

"ఇది మా అమ్మది" అని పెద్దామె ఒక బ్రోచ్ బల్ల మీద పెట్టింది. వెండి కొమ్మ, దాని నిండా ఎర్రటి పళ్లలా రాళ్లు.

"ఇదీ మా అమ్మదే" అని చిన్నామె అచ్చం అలాంటిదే ఇంకొకటి పెట్టింది. "అసలుది ఆవిడ దగ్గర ఉంది. నాది గాజు. ఆ మాట మీ నోటితో ఆవిడకు చెప్పండి."

"అసలుది ఆవిడ దగ్గరే ఉందని ఆవిడకు చెప్పండి" అంది పెద్దామె. "చిన్నదంటే అమ్మకు ప్రాణం. నాకిచ్చింది గాజు."

మెల్లగా సంగతి బయటపడింది. తల్లికి ఉన్నది ఒక్కటే కెంపుల కొమ్మ. దాన్ని చూపించి అలాంటిదే ఇంకోటి చేయించి, చెరొకటి ఇచ్చింది. ఏది ఏదో చెప్పకుండానే కన్నుమూసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు. ఒకరింటి గడప ఒకరు తొక్కలేదు. ఇప్పుడు పెద్దామె కూతురి పెళ్లి వచ్చింది. పిన్నిని పిలవకపోతే పీటల మీద కూర్చోనని పిల్ల మొండికేసింది. తేలిస్తే గాని పిలవనని తల్లి, తేలితే గాని రానని పిన్ని.

"రెండూ అసలువే అని మాత్రం అనకండి" అంది చిన్నామె. "మీరు అలా అంటారని వీధి మొదట్లోనే చెప్పారు."

ఆవిరత్తయ్య అనబోయింది ఆ మాటే. అది ఆమె దారి. ఆ దారికి ఎవరో అడ్డంగా కంచె వేసేశారు.

మేనకోడలు భూతద్దం కంటికి ఆనించింది. చిన్నామె కొమ్మలో గుండ్రటి గాలి బుడగలు కనిపించాయి. గాజు. పెద్దామె కొమ్మలో, ఎరుపు లోపల ఎక్కడో, పట్టుదారాల్లా సన్నటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ నిద్రపోతున్నాయి. నేలలో పుట్టిన కెంపుకు తప్ప ఆ దారాలు ఉండవు. ఆమె అంత అందమైన రాళ్లు అప్పటిదాకా చూడలేదు. చెప్పడానికి తల ఎత్తింది. చెల్లెలు అప్పటికే చేతిసంచి ఒళ్లోకి లాక్కుని, లేచి పోవడానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

"ఇలా తే" అని ఆవిరత్తయ్య రెండు బ్రోచ్‌లూ లాక్కుంది. గాజుదాని మీద ఊదింది. ఆవిరి పట్టుకుంది, అందరికీ చూపించింది. కెంపులదాని మీద ఊదింది. ఈసారి మాత్రం ఆవిరి వాళ్లకు కనబడకుండా మణికట్టు తిప్పి, గోడ వైపు వెలుతురులో చూస్తున్నట్టు చూసి, తీరిగ్గా వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గాజే" అంది. "రెండూ గాజే తల్లీ."

మేనకోడలి చెవులు కుతకుతా ఉడికిపోయాయి. వాటిని జుట్టుతో కప్పుకుంది.

గోడ మీద రంగులు మెల్లగా కదులుతున్నాయి. ఒక నీలి ముక్క చిన్నామె చెంప దాటి పెద్దామె భుజం మీదికి ఎక్కింది. అప్పుడు చిన్నామె ముక్కులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. ఏడుపనుకున్నారు. నవ్వు.

"అమ్మ" అంది.

"అమ్మే మరి" అంది పెద్దామె. "మిఠాయి పంచేటప్పుడు 'నీ ముక్కే పెద్దది' అని నాకూ, అదే మాట నీకూ చెవిలో చెప్పేది, గుర్తుందా?"

"నాన్న మంచాన పడినప్పుడు అసలుది అమ్మేసి ఉంటుంది అక్కా. మనకు తెలియనివ్వకుండా రెండు చేయించింది."

"ఎవరికీ చెప్పలేదు చూడు. పిచ్చి మనిషి."

స్టూలు కుర్చీ పక్కకు ఎప్పుడు జరిగిందో ఎవరూ చూడలేదు. ఒకరి భుజం మీద ఒకరు కొమ్మలు గుచ్చుకున్నారు, బాగాలేదని తీశారు, మళ్లీ గుచ్చుకున్నారు.

"ఇంతకీ ఇందులో నాది ఏదే?"

"ఏదైతేనేం అక్కా. గాజే కదా."

వాళ్లు వెళ్లాక మేనకోడలు తలుపు మూసి వచ్చింది.

"అత్తా, ఒకటి కెంపు."

"తెలుసు. మంచి కెంపు."

"తెలుసా?" మేనకోడలు కూలబడింది. కండక్టరు బిళ్లా, డాక్టరు పిన్నూ, పెళ్లికూతురి భుజమూ అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "అయితే నీ చూపుకేం కాలేదా?"

"నా చూపుకేమైంది?"

"అబద్ధం చెప్పావు కదా."

"నిజం చెబితే ఇద్దరూ చెరో తలుపులోంచి పోయేవాళ్లు. మనకున్నది ఒక్కటే తలుపు."

"రేపు ఎవరైనా దాన్ని గాజని పారేస్తే?"

"అమ్మది పారేస్తారటే?" అని ఆవిరత్తయ్య కుర్చీలో వాలిపోయింది. "మొదటిసారి గాజన్నాను. అదీ అంత మంచి రాయిని పట్టుకుని. ఆ కెంపు ఏమనుకుందో పాపం."

పెళ్లి బాగా జరిగిందని పెళ్లిబట్టలు కుట్టిన దర్జీ చెప్పాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అక్కచెల్లెళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఇద్దరి మధ్యా పెద్ద గాజు గిన్నె, దానికి రెండు పిడులు, చెరొకటి పట్టుకున్నారు. ఆవిరత్తయ్య కుర్చీలో కునుకు తీస్తోంది.

"అమ్మ అలమర సర్దుతుంటే దొరికింది" అంది పెద్దామె ఆశగా. "కట్ గ్లాసని గొప్పలు పోయేది. ఇది కూడా ఉత్తుత్తిదే అయి ఉంటుంది కదమ్మా?"

"అయ్యే ఉంటుంది" అంది చిన్నామె. "అమ్మ సంగతి మాకు తెలుసు."

మేనకోడలు వాళ్ల మొహాలు చూసి గిన్నెను దగ్గరికి లాక్కుంది. గిన్నె చాలా అందంగా ఉంది. అసలుదైతే ఏం చెప్పాలో తెలియదు. అత్త వైపు చూసింది. అత్త కళ్లు మూసుకునే ఉన్నాయి. చెక్కడం అంచు మీద వేలు నడిపింది. సానచక్రం మీద కోసిన అసలు కట్ గ్లాసైతే వేలికి పదునుగా తగలాలి. మెత్తగా, సబ్బుబిళ్లలా జారిపోయింది. పక్కన చూస్తే పైనుంచి కిందికి సన్నటి అతుకు గీత. అచ్చులో పోసినది.

"అచ్చులో పోసిన గాజేనండీ" అంది, పట్టా పుచ్చుకున్న రోజున కూడా లేనంత సంతోషంగా.

"నే చెప్పలే" అని అక్కా, "నేనే ముందు చెప్పా" అని చెల్లీ గిన్నె ఎత్తుకుని, ఇద్దరూ పక్కపక్కనే తలుపులో పట్టక, ఒకరినొకరు నెట్టుకుంటూ, అడ్డంగా తిరిగి, నవ్వుకుంటూ బయటపడ్డారు.

ఆవిరత్తయ్య ఒక కన్ను తెరిచింది.

"నిజంగా అచ్చుదేనా?"

"నిజంగానే అత్తా."

"బతికించావు" అని ఆ కన్ను కూడా మూసుకుంది.