చన్నీళ్లకి పోయిన ఎరుపు

ఆ వారమంతా షెడ్డులో కలిపింది నీలం. అందుకే శనివారం పొద్దున, మరుగుదొడ్డి తెల్లటి పింగాణీ మీద ఎర్రటి జీర కనిపించగానే మేస్త్రి వంగి మళ్లీ చూశాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఎరుపు చూసి జడిసే మనిషి కాదతను. అద్దకపు షెడ్డులో ముప్ఫై మూడేళ్ల సర్వీసు. ఎరుపు కలిపిన మర్నాడు అక్కడ అందరికీ మూత్రం గులాబీ రంగులో వస్తుంది. దాన్ని ‘రంగు దిగడం’ అంటారు. కొత్తగా చేరినవాడు మొదటిసారి అది చూసి బెదిరిపోయి బయటికొస్తే, పాతవాళ్లు ‘పెళ్లికొడుకువయ్యావురా’ అని రోజంతా ఏడిపిస్తారు. మూడోనాటికి తెల్లబడితే ఒంట్లోది కడిగేసినట్టే. పైగా పని దిగేముందు యజమాని ఇచ్చే గ్లాసుడు పాలు ఉండనే ఉన్నాయి. పాలు పడితే రంగు పేగులకు పట్టదని షెడ్డు నమ్మకం. ఆ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. గ్లాసు అడుగున చుక్క మిగిల్చినవాడూ లేడు.

అయితే ఎరుపు కలిపి పంతొమ్మిది రోజులైంది. వేళ్ల మీద లెక్కపెట్టాడు. తప్పేమోనని మళ్లీ లెక్కపెట్టాడు. చెంబుడు నీళ్లు కొట్టి, ముఖం తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాడు.

నూలుకు రంగు సమంగా పట్టాలంటే తొట్టి పక్కనుంచి కదలకూడదు. పొడిని ముద్ద చేసి, వేన్నీళ్లలో విడగొట్టి, నూలు దించి, ఆవిరి పెంచుతూ, కొద్దికొద్దిగా ఉప్పు వేస్తూ, నాలుగు గంటలు తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. కాస్త ఏమరితే నూలు చారలు పడుతుంది. మిగతా మేస్త్రులు పక్కవాడి చేతికి తెడ్డిచ్చి ఒంటికి వెళ్లొచ్చేవారు. ఇతను వెళ్లడు. తొట్టి మీద పనిచేసిన ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి లేవలేదు. లేవాల్సి వస్తుందని పొద్దున మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. అలా ‘బండమేస్త్రి’ అయ్యాడు. షెడ్డు కూలినా సరే, తొట్టి చల్లారాకే మా అన్న లేస్తాడని తమ్ముడు అందరికీ చెప్పుకునేవాడు. ఆ తమ్ముడిదీ అక్కడే పని. సిగరెట్ ఆరదు. నల్లగా మాడిన మాంసమైతేనే ముద్ద దిగుతుంది. తొట్టి మధ్యలో నాలుగుసార్లు బయటికి పోతాడు. అన్నలో పావలా వంతు లేవని యజమాని తిట్టని రోజు లేదు.

ఆరేళ్ల కిందట నడుము పట్టేసి మేస్త్రి పొడులు తూచే బల్ల దగ్గరికి మారాడు. తెడ్డు కూతురి చేతికి వచ్చింది. మొదటిరోజు ఆమెకు చెప్పిన పాఠం ఒక్కటే: తొట్టి వదలకు. నెల తిరక్కుండానే అందరూ ఆమెను ‘చిన్నబండ’ అన్నారు. ఆ పేరు చెవిన పడ్డ సాయంత్రం మేస్త్రి మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు.

ఎరుపు మర్నాడూ కనిపించింది. ఆ తర్వాత రెండు రోజులు కనిపించలేదు. పోయిందనుకున్నాడు. ఐదోనాడు మళ్లీ వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. నొప్పి ఉంటే రాయి అనో వేడి అనో ఒక పేరు పెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం కిలో బీట్‌రూట్ కొనుక్కొచ్చాడు.

బీట్‌రూట్ నోట్లో పెడితే మన్ను తిన్నట్టుందని పెళ్లైన కొత్తలోనే పళ్లెం పక్కకు తోసేసిన మనిషి. భార్య సంచిలోకి చూసింది, అతని మొహంలోకి చూసింది. ఒంటికి మంచిదట అన్నాడు. ఎవరన్నారని అడిగితే, తమ్ముడన్నాడని అబద్ధమాడాడు. ఆ తమ్ముడు ఆకుకూర మొహం కూడా ఎరగడని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె వండింది. మేస్త్రి నాలుగు రోజులు వరసగా, మందు మింగినట్టు తిన్నాడు. పొద్దున్నే ఎర్రగా కనిపిస్తే బీట్‌రూటే అని గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. సంచి ఖాళీ అయింది. రెండు రోజులు గడిచాయి. మూడోనాడు ఎరుపుతోపాటు గోరంత నెత్తురు గడ్డ పడింది. ఆ రోజు తూకంలో మూడుసార్లు తప్పు చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం అతను కుర్చీలో కళ్లు మూసుకుని ఉంటే, భార్య తడిసిన లోదుస్తు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మరకల విషయంలో ఆమెకు తెలియనిది లేదు. నలుపుకి కిరసనాయిలు, నీలానికి సోడా. ఎరుపు మాత్రం దేనికీ లొంగదు, బట్ట చిరిగేదాకా ఉంటుంది.

“దీని మీద పడ్డ మరకేమిటి?” అంది.

“ఏముంది, రంగు.”

“ముప్ఫై ఏళ్ల నుంచి మీ ఎరుపు ఉతుకుతున్నాను. మరిగించినా పోయిన పాపాన పోలేదు. ఇది చన్నీళ్లకి పోయింది.”

అతను మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

“ఆడదాన్నండీ. చన్నీళ్లకి పోయే ఎరుపేదో నాకు ఇంకొకరు చెప్పాలా? ఆ బీట్‌రూట్ ఎవర్ని మోసం చేద్దామని, నన్నా, మిమ్మల్నా?”

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మేస్త్రి కూడా కోపం తెచ్చుకుని గట్టెక్కేవాడు. “ఎన్నాళ్లనుంచి?” అని ఆమె అడిగాక, దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆసుపత్రిలో సన్నటి గొట్టం పంపి లోపల చూశారు. తెర మీద మూత్రసంచి గోడకు పులిపిర్లలాంటి చిన్న గుత్తి కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. అది కేన్సరేనని డాక్టరమ్మ చెప్పింది. గోడ లోతుకు దిగలేదని, గీకి తీసేయొచ్చని, ఆ తర్వాత మాత్రం ఏళ్లతరబడి చూపించుకుంటూ ఉండాలని చెప్పి ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసింది. మేస్త్రికి ఆ మాటల్లో సగమే వినిపించాయి. తన వంటలో లోపమేమోనని, ఒక్కోసారి రొట్టె మాడుస్తానని భార్య అంటోంది.

వంట కాదమ్మా, పొడి అంది డాక్టరమ్మ. ముక్కులోంచి, చర్మంలోంచి లోపలికి పోయేటప్పుడు ఆ పొడికంత కోర ఉండదట. అది నీళ్లలో కరిగి బయటికి పోవాలని కాలేయంలోని ఎంజైములు దాన్ని కొంచెం కొంచెం మారుస్తాయి. ఆ మార్చడంలోనే దానికి కోర మొలుస్తుంది. అలా మొలిచింది మూత్రంతో కలిసి సంచిలోకి దిగి, మనిషి లేచి వెళ్లేదాకా అక్కడే ఉంటుంది. ఉన్నంతసేపూ గోడను కొరుకుతుంది. ఏళ్ల తరబడి తనను తాను బాగుచేసుకుంటూ వచ్చిన గోడ ఎప్పుడో ఒకనాడు తప్పు చేస్తుంది.

“అయితే కంచే చేను మేసిందన్నమాట,” అంది భార్య.

“కంచె తప్పు లేదమ్మా. మాడిన మాంసం రానీ, పొగ రానీ, ఈ పొడి రానీ, ఏదొచ్చినా దానికి తెలిసిన పని అదొక్కటే. దేన్ని ముట్టుకుంటే ఏమవుతుందో దానికేం తెలుసు?”

రోజూ పాలు తాగేవాణ్ణి కదా అన్నాడు మేస్త్రి. పాలు మంచివేనని, దీనికీ దానికీ సంబంధం లేదని ఆమె మెల్లగా చెప్పింది. అన్ని వేల గ్లాసులూ అతని కళ్లముందు వరసగా నిలబడ్డాయి.

“పనిలో ఉన్నప్పుడు ఒంటికి ఎన్నిసార్లు లేచేవారు?”

ఇన్నేళ్ల అలవాటు. అడిగేసరికి అతని వెన్ను దానంతట అదే నిటారైంది. “లేచేవాణ్ణి కాదండీ. తొట్టి దిగేదాకా, నాలుగు గంటలు.”

డాక్టరమ్మ కలం ఆగింది. అతని వెన్ను మెల్లగా వంగింది.

తమ్ముడి సంగతి అడిగాడు. అదే షెడ్డు, అదే పొడి, పైన సిగరెట్లు. వాడికేమీ లేదే అన్నాడు. ఆ కోరను మొద్దుబార్చే ఎంజైము కొందరి ఒంట్లో చురుకు, కొందరిలో మందం అంది ఆమె. అది పుట్టుకతో వస్తుంది. మీ తమ్ముడిది చురుకైనది కావచ్చు, నాలుగుసార్లు లేచి వెళ్లడం కలిసొచ్చి ఉండవచ్చు, లేదా ఇంకా బయటపడకపోయి ఉండవచ్చు. మనిషిని చూసి చెప్పలేం. ఆయన్నీ ఓసారి రమ్మనండి.

“పుట్టుకతో అంటే... పిల్లలకీ వస్తుందా?”

“సగం మీది, సగం ఆవిడది.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూతురి ముక్కు ఎవరిది, మొండితనం ఎవరిదని ఇరవై ఎనిమిదేళ్లుగా వాదులాడుకున్నవాళ్లు. ఇప్పుడు అడగాల్సిన పోలిక కంటికి కనిపించేది కాదు.

“మీ అమ్మాయి ఏం చేస్తుంటుంది?” అంది డాక్టరమ్మ.

మేస్త్రి తల ఎత్తి చూశాడు. గోడ గడియారం పదింపావు చూపిస్తోంది. ఎనిమిదింటికి కూతురు నూలు దించి ఉంటుంది. పొడి నిన్న సాయంత్రం తనే తూచి పెట్టాడు. ఎరుపు.

భార్యను మందుల కిటికీ దగ్గర వదిలేసి మేస్త్రి షెడ్డుకు వచ్చేశాడు. దారంతా నడిచాడో పరిగెత్తాడో తెలియలేదు. లోపల ఆవిరి. తొట్టి అవతల కూతురు, మెడదాకా చెమట, మోచేతుల దాకా ఎరుపు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మెడలోకి జారి ఉంది. ఆసుపత్రిలో ఏమన్నారని తెడ్డు ఆపకుండానే అడిగింది.

“ముందు నువ్వు ఒంటికి వెళ్లిరా,” అన్నాడు.

ఆమె నవ్వింది. “ఏంటి నాన్నా, పొద్దున్నే పరాచికాలా? ఇప్పుడే ఉప్పు వేశాను. ఇంకో గంటన్నర ఉంది.”

“లే.”

“చారలు పడతాయి.”

“పడనీ.”

పక్క తొట్టి దగ్గర తమ్ముడు తల తిప్పి చూశాడు. బండమేస్త్రి నోట ఆ మాట షెడ్డులో ఎవరూ విని ఎరగరు. కూతురు తెడ్డు బాబాయికి అందించబోయింది. మేస్త్రి మధ్యలోనే లాక్కుని నేల మీద పడేశాడు. ఆవిరి కట్టేశాడు. నేల మీది తెడ్డు కేసి చూసి, ఆమె ఇంకేమీ అడగకుండా లేచింది.

ఆమె వెనకే వెళ్లి తలుపు బయట నిలబడ్డాడు. కుళాయి చప్పుడు వినిపించేదాకా కదల్లేదు. ఆమె చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది.

“ఏ రంగు?” అన్నాడు.

“గులాబీ. నిన్న కూడా ఎరుపే కదా కలిపింది. రంగు దిగుతోంది నాన్నా, కొత్తేముంది?”

షెడ్డులో ముప్ఫై మూడేళ్లుగా అందరూ అన్న మాట. తనే ఆమెకు నేర్పిన మాట. అది రంగో మరొకటో చూసి చెప్పగలిగిన మనిషి ఈ చోట ఒక్కరూ లేరు.

ఆమె మళ్లీ తొట్టి వైపు తిరిగింది. మేస్త్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. రోడ్డు దాటించడానికి చిన్నప్పుడు పట్టుకున్నదే, మళ్లీ ఇదే. “అమ్మ ఆసుపత్రి దగ్గర ఉంది. పద,” అన్నాడు.

ఎందుకని ఆమె దారిలో రెండుసార్లు అడిగింది. అతను చెయ్యి వదల్లేదు. వెనక షెడ్డులో, ఎవరూ తిప్పని తొట్టిలో నూలు చారలు చారలుగా ఎరుపెక్కుతోంది.