అమ్మ పడవలో తెచ్చిన పెరుగు

గోదావరి మీద రైలు వంతెన కట్టి కొన్నేళ్లయిన కాలం. రాజమండ్రిలో మిషను వారి ఆడపిల్లల బడిలో నేను పంతులమ్మను. వరద తీసిన మర్నాడు పిల్లలకు ఎక్కాలు చెబుతుంటే కడుపులో మెలిపెట్టినట్టయింది. పన్నెండో ఎక్కం మధ్యలో ఆపి పెరట్లోకి పరుగెత్తాను. సాయంత్రానికి నెత్తురు పడింది.

మా ఆయనా పంతులే. బండి కట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి దొరసాని డాక్టరమ్మ తెలుగు చక్కగా నేర్చుకున్న మనిషి. మైక్రోస్కోపులో చూసి, "డిసెంట్రీ, అంటే రక్త విరేచనాలండి. కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి" అంది. ఇపికాక్ అనే మందు ఇచ్చారు. అది మింగితే కడుపులో ఉన్నదంతా నోట్లోకి వచ్చేది. బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ తప్ప వేరే ఆహారం లేదు.

నెత్తురు ఆగింది, జ్వరం తగ్గింది. ఇంటికి పంపేస్తారనుకుంటుండగా మళ్లీ మొదలైంది. "రిలాప్స్" అని డాక్టరమ్మ నర్సుతో అనడం విన్నాను. ఈసారి పాలు తాగితే పాలు, జావ తాగితే జావ అలాగే పోయేవి. చేతి గాజులు మోచేయి దాకా జారేవి. పక్క మంచం మీది ఆవిడ చనిపోయిన రోజున, తరువాతి వంతు నాదేననుకున్నాను.

ఒక ఉదయం డాక్టరమ్మ మా ఆయనను పిలిచి అడిగింది. "పులిసిన పాలలో మేలుచేసే బ్యాక్టీరియా ఉంటాయని మా దేశపు వైద్య పత్రికల్లో కొత్తగా రాస్తున్నారు. నిజమెంతో నాకూ తెలియదు. ప్రయత్నిద్దాం. కానీ బజారు పెరుగు వద్దు, ఏ నీళ్లు కలుపుతారో. బాగా శుభ్రం పాటించే ఇల్లు మీకు తెలుసా?"

"తెలుసండీ" అన్నారాయన. "కానీ వాళ్లు మాతో మాట్లాడరు."

అది మా పుట్టిల్లు. కోనసీమలో అమ్మ ఇంట్లో మడి అంటే మడే. పాలు పితికేవాడు కూడా కాళ్లు కడుక్కుని రావాలి. నేను బాప్తిస్మం పుచ్చుకుని సీత పేరు మార్చుకుని రూతునయ్యాక, ఆ గుమ్మం నాకు మూసుకుపోయింది. అయినా మా ఆయన కబురు పంపారు.

అమ్మ వచ్చింది! కాలువ పడవలో ధవళేశ్వరం దాకా, అక్కణ్ణుంచి బండి మీద. దారిలో పడవ ఆగిన లాకుల దగ్గర తన ఎదుటే పితికించిన పాలు కొని, కాచి, ఇంటి పెరుగుతో మళ్లీ మళ్లీ తోడుపెట్టుకుంటూ ముంత ఒళ్లోంచి దించకుండా వచ్చింది. ఆసుపత్రి వసారాలో కూర్చుంది. లోపలికి మాత్రం రాలేదు. నా మంచం కిటికీ పక్కనే కాబట్టి ఆమె తెల్లచీర కొంగు కనిపిస్తూ ఉండేది.

డాక్టరమ్మ రవ్వంత పెరుగు తీసి, గాజు పలక మీద నీలం రంగు వేసి, మైక్రోస్కోపును వసారాలోకే తెప్పించింది.

"చూడండి అమ్మగారూ."

అమ్మ ఒక కన్ను మూసి వంగింది. "ఏంటివి? పుల్లముక్కల్లా ఉన్నాయి."

"బ్యాసిల్లస్ అంటారండి. ప్రాణమున్నవే. పాలను పెరుగు చేసేవి ఇవే."

"రామ రామ! ఇన్ని ప్రాణాలా? ఇన్నాళ్లూ వీటినే తిన్నానా నేను?"

"ఇవి చెడ్డవి కావండి. మీ అమ్మాయికి సాయం చేస్తాయేమోనని ఆశ."

అమ్మ మరోసారి వంగి చూసింది. తరువాత లేచి కొంగు దోపుకుంది. "ఇన్ని ప్రాణాలు దాని కడుపులోకి వెళ్తుంటే నేను గుమ్మం బయట కూర్చోవడమేంటండీ? అది ఎక్కడుంది?"

లోపలికి వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుంది. "మైల కదే అమ్మా" అన్నాను ఏడుస్తూ.

"గోదావరి ఎందుకుందే సీతా, వెళ్తూ మునుగుతాను" అంది.

మొదట చెంచాడు పెరుగుతోనే కడుపు ఉబ్బింది. డాక్టరమ్మ సగం తగ్గించి, మందు ఆపకుండా, మెల్లగా పెంచింది. అమ్మ సత్రంలో దిగి రోజూ తాజాగా తోడుపెట్టి తెచ్చేది. పెరుగే నన్ను బతికించిందో, మందో, అమ్మ చెయ్యో డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేదు. కార్తీకమాసం వచ్చేసరికి గోడ పట్టుకుని నడిచాను.

తరువాత అమ్మ ఏడాదికోసారి మా ఇంటికి వచ్చేది. మా ఇంట్లో మెతుకు ముట్టేది కాదు గానీ, నా వంటింట్లో తన ముంతలో తోడుపెట్టి, తాటాకు విసనకర్రతో విసురుతూ పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పేది. ఆ పుల్లటి కమ్మటి వాసన తలచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. అమ్మ పోయింది. నేను ముసలిదాన్నయ్యాను, ఇంకా బడికి వెళ్తున్నాను. వేపుళ్లు మాత్రం పడవు.

మీ ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ఒక పని చేయండి. జబ్బు ముదరకముందే అయినవాళ్లకు కబురు పెట్టండి. రారనుకున్నవాళ్లకు అందరికన్నా ముందు పెట్టండి. వాళ్లు బయల్దేరడానికే ఎక్కువ రోజులు పడతాయి.