కంపెనీ కోసం అట్టిపెట్టిన చేను

మా చేనుకు బోరు ఉంది, నీళ్లు పోస్తుంది. వెల్దుర్తి వైపు మెట్టలో ఈ మాట ధైర్యంగా చెప్పుకునేవాళ్లు తక్కువ. అయినా ఆ చేనులో పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు. కారణం మా మామయ్య నోరు.

మిరపకాయల నుంచి రంగు తీసే ఫ్యాక్టరీని విదేశీ కంపెనీ ఒకటి ఇక్కడ పెడుతుందని, మన పిల్లలకు ఊళ్లోనే ఉద్యోగాలని ఆఫీసర్లు మీటింగు పెట్టి చెప్పారు. భూమి అడిగేసరికి అందరూ నేల చూపులు చూశారు. మామయ్య లేచి "ముందు నా చేను తీసుకోండి" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. పక్క చేను ఆయన వరసకు మామయ్యకు తమ్ముడే గానీ అవతలి పార్టీ. "వాళ్లొచ్చేదాకా గడ్డి పీక్కో అన్నా!" అని నవ్వాడట. అంతే, ఆనాటి నుంచి మా చేనులో అరక దిగిందంటే కంపెనీ రాదని మామయ్యే ఒప్పుకున్నట్టు.

మా ఆయన లారీ మీద పోతే ఎప్పటికో వస్తాడు. ఇల్లు ఆయన జీతం మీదే ఈడుస్తున్నాం. నిరుడు ఉండబట్టలేక పెరట్లో మిరప నారు పోశాను. ముచ్చటగా లేచింది.

"మామయ్యా, ఈ ఒక్క పంటకు నాటుకుందాం. కంపెనీ వస్తే ఆ రోజే పీకేద్దాం" అన్నాను.

"ఏందమ్మాయ్ నువ్వనేది? వాడు గట్టు మీద నిలబడి నవ్వితే నేను ఊళ్లో తలెట్టా ఎత్తుకోవాల?"

"తల సంగతి తర్వాత, తిండి సంగతి చూడండి."

అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేను ఆయనది, పరువూ ఆయనదే. ఆ రెంటి మధ్య ఊపిరాడక చచ్చేది నేను.

నారు ముదిరిపోతుంటే చివరికి మామయ్యే అమ్మేయమన్నాడు. కొన్నది ఎవరనుకున్నారు? పక్క చేను ఆయనే! "నారు చానా బాగా పెంచావమ్మాయ్" అన్నాడు. అందులో వెటకారం లేదు, అందుకే ఇంకా మండింది.

గేదెకు గడ్డి కోయడానికి పోయినప్పుడల్లా గట్టు అవతల నా మొక్కల్ని చూసుకునేదాన్ని. ఒకసారి మామయ్య కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. "ఆ మూల మొక్కలు వాడిపోతున్నయ్. నీళ్లు పెట్టటం గూడా చేతగాదు వెధవకి" అన్నాడు. నేను గడ్డి మోపు ఎత్తుకున్నాను.

కాయ ఎర్రబడ్డాక కంపెనీ వాళ్లు నిజంగానే వచ్చారు! మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కోపమంతా మరిచి నేనూ దేవుడికి దండం పెట్టుకున్నాను. కార్లు దిగినవాళ్లు దిగినట్టే పక్క తోటలోకి నడిచారు. "ఈ నేలలో ఏం పండుతుందో చూడండి" అని ఆఫీసరు చూపిస్తుంటే వాళ్లు నా మొక్కల మధ్య నిలబడి ఫొటోలు దిగారు, పక్క చేను ఆయనతో చేయి కలిపారు.

మా చేను వైపు ఎవరూ రాలేదు. మామయ్య అందులోనే ఉన్నాడు. "రానీ, రానీ... ఇంకొంచెం వెనక్కి" అంటూ డ్రైవర్లకు కార్లు పెట్టుకునే చోటు చూపిస్తున్నాడు.

అందరూ వెళ్లిపోయాక చొక్కా మీద దుమ్ము దులుపుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"మళ్లీ వస్తామన్నారంట. వచ్చే ఏడు నారు పోయమాక అమ్మాయ్."