ఒక చెవి విరిచిన క్యాసెట్

నా చిన్నప్పుడు దోహాలో మా ఇంట్లో పాట లేకుండా శుక్రవారం పొద్దు గడిచేది కాదు. మా నాయన ఒక గ్యారేజీలో మెకానిక్. ఆ చుట్టుపక్కల కుటుంబంతో ఉన్న తెలుగువాళ్ళం మేమొక్కరమే. అందుకని క్యాంపుల్లో ఉండే మా జిల్లాల వాళ్ళు వారానికి ఒక్కరోజు దొరికే సెలవుకు పికప్ వెనక ఎక్కి మా ఇంటికి వచ్చేసేవారు. వాకిట్లో గోడ నీడన చాపలు పరిచేవాళ్ళం. అమ్మ చాయ్ పెట్టేది. చాయ్ గ్లాసులు చేతికి రాగానే మా నాయన పెట్టిన నియమం అమలులోకి వచ్చేది. ఆ వారం విన్నవాటిలో తనకు నచ్చిన కొత్త పాట ఒకటి, పాత పాట ఒకటి ప్రతివాళ్ళూ అందరికీ వినిపించాలి. క్యాసెట్ ఉంటే క్యాసెట్, లేకపోతే నోరు.

ఆ నియమానికి ఒక కారణం ఉంది. ఎడారి దేశంలో మనిషి పాటల వయసు అతను ఊరు విడిచిన నాడే ఆగిపోతుంది. ఎవరైనా ఒక పాట అందుకుంటే చాలు, ఇతను ఏ ఏడాది విమానం ఎక్కాడో నేను చెప్పేసేదాన్ని. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు పాతవాళ్ళ పాటలకు నవ్వేవారు, పాతవాళ్ళు కొత్త పాటలకు మొహం ముడుచుకునేవారు. రెండూ వినాల్సిందేనని మా నాయన పట్టుపట్టాడు. ఆయన పట్టు పట్టాడంటే సడలించడం మా అమ్మ వల్ల కూడా అయ్యేది కాదు. ఆ మొండితనమే నాకూ వచ్చిందని ఇంట్లో అందరూ అంటారు. అననీ.

టేపురికార్డరు మాది కాదు, పక్కింటి ఆపాది, ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమె భర్త దర్జీ. నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. శుక్రవారం నమాజు అయి, వంట ముగించుకుని ఆమె టేపురికార్డరును సంకన పెట్టుకుని వచ్చేది. వాకిట్లో మగవాళ్ళుంటారు కనుక ఆమె, అమ్మ లోపలి గదిలో కూర్చునేవారు. టేపురికార్డరు కిటికీ గట్టు మీద, దానికి అడ్డంగా పల్చటి పరదా. క్యాసెట్ మాత్రం పరదా పక్క నుంచి చెయ్యి చాపి ఇవ్వాలి, మీట నొక్కేది ఆపానే. ఎవరికైనా పాట కావలసివస్తే ఇంకో టేపురికార్డరు తెచ్చి, రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఎక్కించేవారు. అంతసేపూ ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. అయినా ఒక పాట మధ్యలో మా అమ్మ వేసిన పోపు చిటపటలు పడిపోయాయి. పాటలోనే అలా ఉందని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ గుంపులో అందరికంటే ముందు ఖతర్ చేరిన మనిషిని నేను కాకా అని పిలిచేదాన్ని. బొంబాయి నుంచి లాంచీలో వచ్చినవాడు. నేను చెప్పే రోజులకు వెస్ట్ బే దగ్గర సముద్రాన్ని ఇసుకతో పూడ్చే పనిలో ఉండేవాడు. పొద్దంతా పంపుల హోరులో అరిచి అరిచి ఆయన గొంతు గరుకు తేలిపోయింది. పక్కనే కూర్చుని చక్కెర అడిగినా అవతలి గట్టున ఉన్నవాణ్ణి పిలిచినట్టు అడిగేవాడు. నియమానికి ఒప్పుకోనిది ఆయనొక్కడే. తన వంతు వస్తే "నాకేం రావు బిడ్డా, మీరు వినిపియ్యుండ్రి, నేనింట" అనేవాడు. మా నాయన కూడా ఆయన్ని ఏమీ అనలేకపోయేవాడు.

ఒక వేసవిలో కాకా కూతురికి పెళ్ళి కుదిరింది. ఊరు విడిచేటప్పుడు ఆ పిల్ల ఇంకా మాటలు నేర్చుకుంటోందట. తర్వాత ఆయన ఎప్పుడో ఒకసారి లీవు మీద వెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల తల్లి కొంగు చాటున దాక్కునేదట. ఆమెకు నాయన అంటే గోడ మీది ఫొటోయే. పెళ్ళికైనా వెళ్దామంటే పని సగంలో ఉంది, బదులు మనిషి రాలేదు, కంపెనీ లీవు ఇవ్వలేదు. ఆయన కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి "మాఫీ, మాఫీ" అన్న జవాబే తెచ్చుకున్నాడు. అంటే లేదని. మా నాయన స్నేహితుడొకాయన ఆ శనివారం ఊరికి పోతున్నాడు. ఆయన చేతికి ఒక క్యాసెట్ ఇచ్చి పంపితే పెళ్ళి నాటికి చేరుతుంది. అప్పట్లో మా వాళ్ళలో చాలామంది ఉత్తరాలకు బదులు మాటలు క్యాసెట్లో నింపి పంపేవారు. కాకా అంతవరకూ ఒక్కటీ పంపలేదు.

శుక్రవారం అందరూ కలిసి ఆయన్ని కిటికీ ముందు కూర్చోబెట్టారు. ఆపా మీట నొక్కింది. కాకా పరదా వైపు వంగి "హలో, హలో... నేను నాయిన్ని" అన్నాడు. అంతే. చెమటలు కారాయి. గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ హలో అన్నాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"మిషన్‌తోని మాట్లాడుడు నాతోని కాదు తమ్మీ. మంచి కొత్త పాట ఒకటి ఎక్కించి ఇయ్యుండ్రి. దానికి గదే పంపుత."

లోపలి నుంచి ఆపా గొంతు వినిపించింది. "సినిమా పాట అక్కడ గూడ దొరుకుతది భాయ్. నాయిన గొంతు యాడ దొరుకుతది?"

కాకా చాప మీద కూలబడి, బిడ్డ చిన్నప్పుడు ఎప్పుడూ పిట్ట పాట పాడేవాణ్ణని, అది వింటే గానీ నిద్రపోయేది కాదని, ఇప్పుడు ఆ పాట తనకే సగం మరుపొచ్చిందని తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు. ఆయన తనలో తను చెప్పుకున్నా వీధి చివరికి వినిపిస్తుంది కదా, ఆపాకూ వినిపించింది. కాసేపటికి పరదా వెనక టక్కుమని చప్పుడైంది.

"అరె, సెల్లులు అయిపోయినయ్. ఇయ్యాల రికార్డింగ్ బంద్" అంది ఆపా. ఆ వెంటనే, "భాయ్, ఊకె కూసునే బదులు ఆ పిట్ట పాట గీ పోరికి నేర్పుండ్రి. దీనికి పాత పాట ఒక్కటన్న రాదు" అంది.

నిజంగానే నాకు రాదు. నాకు కొత్తవే ఇష్టం. అయినా కాకా మొహం చూసి వెళ్ళి ఆయన పక్కన, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. మిషన్ లేదనేసరికి ఆయన భుజాలు కిందికి దిగాయి. మెల్లగా అందుకున్నాడు.

"సద్ద సేన్ల పిట్టా, సప్పుడు జెయ్యకే... నా బిడ్డ కండ్ల మీద నిద్ర వాలింది..."

ఆ గరుకు గొంతులో అంత మెత్తదనం ఎక్కడ దాక్కుందో! ఒక్కో ముక్క పాడి ఆగేవాడు, నేను తిప్పి పాడేదాన్ని. తప్పు పాడితే తల అడ్డంగా ఊపి, "గట్ల గాదు బిడ్డా, నెమ్మదిగ. నిద్ర పోతున్నది గద" అనేవాడు. రెండో చరణంలో పిట్టను గూటికి పొమ్మని చెప్పే చోట ఆయనకు మాట తట్టలేదు. కళ్ళు మూసుకున్నాడు, వేళ్ళతో మోకాలి మీద దరువు వేశాడు, రాలేదు. పాట ఆగిపోతుందన్న తొందరలో పొద్దంతా పనిలో నోట నానే మాటే నోటికొచ్చేసింది.

"యల్లా యల్లా పిట్టా, యల్లా గూటికి..."

వాకిలంతా నవ్వు. పద పద అని మనుషుల్ని తరిమే ఆ మాటను జోలపాటలో నేనెప్పుడూ వినలేదు. కాకా కూడా నవ్వాడు, నవ్వుతూనే పాట కొనసాగించాడు. నేను నవ్వుతూ వెనక్కి తిరిగి చూశాను. పరదా గాలికి కాస్త తొలిగి ఉంది. కిటికీ గట్టు మీద క్యాసెట్ చక్రాలు తిరుగుతున్నాయి. ఆపా నన్నే చూస్తూ వేలు పెదాల మీద పెట్టుకుంది.

అప్పటికి నాకు పాట మొత్తం వచ్చేసింది. అయినా రానట్టే మొహం పెట్టి "కాకా, మళ్ళొక్కసారి" అన్నాను. ఆయన విసుక్కోకుండా మొదటి నుంచి పాడాడు. చివర్న "ఇంత మంచిగ మా బిడ్డ గూడ వినకపోయేది. పాట ఆపంగనే ఏడ్చేది" అన్నాడు. క్యాసెట్ ఆ వైపు అయిపోయి మీట ఠప్పున పైకి లేచింది.

కాకా గబుక్కున లేచాడు. విషయం అర్థమయ్యేసరికి మొహం ఎర్రబడింది. "నవ్వులాటనా? పోరిని ముందట కూసోవెట్టి నాకు తెల్వకుండ నా గొంతు ఎక్కిస్తరా?" అని గట్టిగా అరిచాడు. మా నాయనకు కూడా ఏమీ తెలియదు, బిక్కమొహం వేశాడు.

అప్పుడు ఆపా అన్నేళ్ళలో మొదటిసారి వాకిట్లో మగవాళ్ళ ముందుకు వచ్చింది. తలమీద కొంగు సర్దుకుని, క్యాసెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "తప్పు నాదే భాయ్, పోరిది గాదు. గొంతు మీది, క్యాసెట్ మీది. పంపుడా, చెరుపుడా మీ ఇష్టం. గని ఒక్కసారి ఇనుండ్రి" అంది. ఆమె చూపు కిందికి వాలలేదు. కాకా క్యాసెట్ జేబులో వేసుకుని పికప్ ఎక్కాడు.

మర్నాడు ఊరికి పోయే ఆయన మా ఇంటికి వచ్చేశాడు. సామాను కారులో ఉంది. మా నాయన గడియారం చూసి చూసి, ఇక సినిమా పాటల క్యాసెట్ ఒకటి ఇచ్చి పంపేద్దామన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి కాకా వచ్చేదాకా కదలనివ్వనన్నాను. వస్తాడని నాకేమీ తెలియదు, ఉత్త మొండితనమే. కాసేపటికి డ్యూటీకి పోయే పికప్ మా సందు మొదట్లో ఆగింది. కాకా పరుగున వచ్చాడు.

"బండిల వెట్టుకొని విన్న" అన్నాడు, ఎప్పుడూ లేనంత మెల్లగా. "నా బిడ్డ నన్ను తిట్టనీ, నవ్వనీ. నా గొంతే పోవాలె." క్యాసెట్ పైన రెండు మూలల్లో చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. చెవి విరిచేస్తే ఆ వైపు మీద ఇంకేదీ ఎక్కదు. ఆయన ఒక చెవి విరిచాడు. "నాది ఇగ ఎవ్వలు చెరపరాదు. రెండోది ఇరువలేదు. అటు దిక్కు వాళ్ళకు విడిచిపెట్టిన." అలా చెప్పి, కిటికీ వైపు తిరిగి "ఆపా, పోతున్న" అని కేకేసి వెళ్ళిపోయాడు. ఆయన ఆమెను ఆపా అనడం అదే మొదలు.

పెళ్ళయిన చాన్నాళ్ళకు ఊరి నుంచి తిరిగొచ్చిన మా నాయన స్నేహితుడు అదే క్యాసెట్ తెచ్చాడు. కాకా దాన్ని శుక్రవారం తన వంతు వచ్చేదాకా ఎవరినీ విననివ్వలేదు. వంతు రాగానే పరదా పక్క నుంచి చెయ్యి చాపి ఇచ్చాడు. ఆపా రెండో వైపు పెట్టింది. పెళ్ళింటి సందడి, పిల్లల ఏడుపులు, గిన్నెల చప్పుళ్ళు. అంతలో ఒక ఆడపిల్ల గొంతు సన్నగా పిట్ట పాట అందుకుంది. వెనక ఆడవాళ్ళంతా కలిశారు. ఆ చోటికి వచ్చేసరికి అందరూ ఒక్క గొంతుతో, ఏ అనుమానమూ లేకుండా, "యల్లా యల్లా పిట్టా, యల్లా గూటికి" అన్నారు. పాట అయ్యాక ఆ పిల్ల గొంతు ఒక్కటే వినిపించింది. "నాయినా, యల్లా అంటే ఏందో మాకు ఎర్క లేదు. నువ్వన్నవని మేం గూడ అన్నం. అదంటుంటే నువ్వు మా ముంగటనే కూసున్నట్టున్నది."

కాకా ఏడ్చాడు, దాచుకోలేదు. అందరం ఏడ్చాం. కాసేపటికి మా నాయన తేరుకుని, నియమం నియమమే అన్నట్టు, "ఇది పాతదా అన్నా, కొత్తదా?" అని అడిగాడు.

"కొత్తదే తమ్మీ. ఇప్పుడే విన్న గద" అన్నాడు కాకా.

మరుపొచ్చిన ఆ అసలు మాట తర్వాత ఒకనాడు ఇసుకలో పని చేస్తుంటే ఆయనకు దానంతట అదే గుర్తొచ్చిందట. చెప్పు కాకా అని ఎంత బతిమాలినా చెప్పలేదు. "మా బిడ్డ పాడినంక ఇగ గదే అసలు" అన్నాడు.

ఇప్పుడు మా పిల్లలు, మనవలు తలో దేశంలో ఉన్నారు. మా నాయన నియమాన్ని నేను ఫోన్ గ్రూపులో ఇంకా నడుపుతున్నాను. కొత్తది ఏదైనా పంపండి, వింటాను, నచ్చకపోతే నచ్చలేదనే చెబుతాను. పాతది మాత్రం మీ నోటితో పాడి పంపాల్సిందే. గొంతు బాగాలేదంటారు, మాటలు గుర్తు లేవంటారు. గుర్తు రాని చోట నోటికొచ్చింది పెట్టుకుని సాగిపొండి, ఆగకండి అంటాను. పోయిన శుక్రవారం మా అమ్మాయి తన పసిపిల్లను ఒళ్ళో వేసుకుని పిట్ట పాట పాడి పంపింది. యల్లా దగ్గర గొంతు కాస్త పెంచింది. గట్ల గాదు బిడ్డా, నెమ్మదిగ, నిద్ర పోతున్నది గద, అని జవాబు పాడి పంపాను.