కోళ్ల బాబాయి ఇంట్లో మోషే ధర్మశాస్త్రం

ఆ రోజుల్లో పెళ్లికాని కుర్రాడికి ఉద్యోగం వచ్చిందంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లకి నిద్ర పట్టేది కాదు. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటులో కొత్తగా చేరాను. గాజువాకలో అద్దె గది. ఆదివారం సాయంత్రాలు మా చర్చి సంఘం వాళ్ల ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాలకి తప్పకుండా వెళ్లేవాణ్ని (తర్వాత భోజనం పెట్టేవారు, నా భక్తిలో దాని వాటా తక్కువేం కాదు). బైబిల్లో ఒక పుస్తకం పూర్తయి కొత్తది మొదలుపెట్టే రోజున, దాన్ని పరిచయం చేసే పని ఎవరో ఒక కుర్రాడికి అప్పగించడం అక్కడి ఆనవాయితీ. రెండో పుస్తకం, అంటే మోషే తన జనాన్ని ఐగుప్తు నుంచి విడిపించి తీసుకొచ్చిన పుస్తకం, నా మెడకి చుట్టుకుంది.

ఆ వారం కూటం కోళ్ల బాబాయి ఇంట్లో. పెరటినిండా నాటుకోళ్లు పెంచే ఆయనకి నేను పెట్టుకున్న పేరది. ముందురోజు నన్ను పక్కకి లాగి, "నీకో సంబంధం సూసినాను. రేపు పిల్ల తండ్రి శ్రీకాకుళం నుంచి వత్తన్నాడు, నిన్ను సూడ్డానికే. పెళ్లిసూపులని పైకి సెప్పలేదు. నువ్వు బాగా మాటాడీ, మిగతాది నాను సూసుకుంటాను," అన్నాడు. నాకు నోరు తిరగదు మహాప్రభో అని మోషే దేవుడికే మొరపెట్టుకున్నాడట. నాకు మొరపెట్టుకోవడానికి కోళ్ల బాబాయి తప్ప ఎవరూ లేరు.

పిల్ల తండ్రి తెల్ల చొక్కాలో, నవ్వన్నది లేకుండా ముందు వరసలో కూర్చున్నాడు. పక్కనే ఆయన చెల్లెలు, అంటే పిల్లకి మేనత్త. ఆవిడది కోళ్ల బాబాయికి గోడవతలి ఇల్లు. అరగంట మాట్లాడాలని సిద్ధపడ్డానా, భయంతో ఎంత పరుగు తీశానంటే, ఆలస్యంగా వచ్చినవాళ్లు చెప్పులు విప్పేలోపే నా కథలో మోషే జనమంతా ఎర్రసముద్రం దాటేశారు. ఇంకేం చెప్పాలో తోచక ధర్మశాస్త్రంలో పడ్డాను. "ఇందులో సగం కథ, సగం చట్టం. వెట్టిచాకిరీ నుంచి బయటపడితే చాలదు, పక్కవాడితో ఎలా బతకాలో కూడా నేర్చుకోవాలి. ఒకడి పశువు ఇంకొకడి చేను మేస్తే, తన చేలో మంచి పంటే ఇచ్చి ఆ నష్టం తీర్చాలి," అన్నాను.

మేనత్త లేచి నిలబడింది. "ఆ ముక్క మళ్లీ సెప్పు బాబూ! ఈయన కోళ్లు గోడ దూకొచ్చి నా తోటకూర మడంతా కెలికీసినాయి. అడిగితే, కోడికి బుద్ధేటుంటాదమ్మా అంటాడు!"

"అందులో కోళ్లని రాసున్నాదేటి?" అన్నాడు బాబాయి. "పశువు అన్నాడు గదా!"

"మరి కోడి మనిసేటి?"

అందరూ నావైపు తిరిగారు. ఒకరు నా పెళ్లి కుదర్చబోయే మనిషి, ఇంకొకరు పిల్ల మేనత్త. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. "బాబాయిగారికి చేను లేదు కాబట్టి... ఉన్నవాటిలో మంచి పెట్టని ఇవ్వాలేమోనండి," అని గొణిగాను.

"సాలు బాబూ. ఆ నల్లపెట్టని ఇప్పించండి," అంది ఆవిడ.

వంటింట్లోంచి పిన్ని తొంగి చూసింది. "అది కూరలో ఉన్నాది కదమ్మా!"

పిల్ల తండ్రి కోసమే కోశారట. ఆవిడేం తడుముకోలేదు. ప్రార్థన అవగానే కూర గిన్నె ఒక చేత్తో, అన్నగారి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని తన ఇంటికి వెళ్లిపోయింది. మేం చారన్నం తిన్నాం. "నీ పెళ్లి నువ్వే సెడగొట్టుకున్నావ్ రా నాయనా," అన్నాడు బాబాయి, నా విస్తట్లోకి చూడకుండా. ఆ వారమంతా నాకు ముద్ద దిగలేదు.

మళ్లీ ఆదివారం మేనత్తే కబురు చెప్పింది. "మా అన్నయ్యకి నచ్చీసినావు. వణుకుతా కూడా ఎవరి మొగం సూసీ తీర్పు మార్సలేదట!" ఎవరి మొహమూ చూసే ధైర్యం లేకనే అలా అన్నానని ఆయనకి ఎవరు చెప్తారు?

అసలు పెళ్లిచూపులకి శ్రీకాకుళం వెళ్లినప్పుడు, పెద్దవాళ్లు మమ్మల్ని కాసేపు వరండాలో వదిలేశారు. నేను నేలచూపులు చూస్తున్నాను. ఆ అమ్మాయే ముందు నోరు విప్పింది. "ఆ రోజు కూరంతా మావాళ్లే తినీసినారట కదా. మరి మీకేటైనా మిగిలిందా?"

నా జీవితంలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఇప్పటికీ రోజూ అడుగుతూనే ఉంది. చారన్నం ముందు కూర్చుని, బతుకంతా ఒక కోడిపెట్టతో పోయిందని కుమిలిపోయిన ఆ కుర్రాడికి ఈ సంగతి ముందే చెప్పగలిగితే, పాపం, ఆ పూట కాస్త కడుపునిండా తినేవాడు.